అలైన్‌మెంటు బాబాయిగారు

కారు కొన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఇన్సూరెన్సు, ఫాస్టాగ్‌లతో పాటు ఒక అలైన్‌మెంటు బాబాయిగారు కూడా సంక్రమిస్తారు. బ్యాంకులోనో విద్యుత్తు శాఖలోనో చిరకాలం పనిచేసి రిటైరైన ఈ పెద్దమనిషి, పెళ్లికి వెళ్లినా మండపంలోకి కాక ముందు పార్కింగులోకి నడుస్తారు. అక్కడ వరసగా నిలిపిన కార్ల దగ్గర వంగి, ఏ బండి ఏ టైరును లోపలి అంచున తినేస్తోందో తేల్చుకున్న తర్వాతే భోజనాల పంక్తిలో కూర్చుని, సరిగ్గా నెయ్యి వడ్డించే వేళకు ఆ కారు యజమానికి ఆ సంగతి తెలియజేస్తారు.

ఆయన శాస్త్రమంతా మూడు కోణాల మీద నిలిచింది. కారును ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగి ఉండటాన్ని కాంబర్ అంటారు. అది మితిమీరితే టైరు ఒక అంచునే అరుగుతుంది. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందంచులు దగ్గరగా ఉంటే టో ఇన్ అనీ, ఎడంగా ఉంటే టో అవుట్ అనీ అంటారు; ఇది చెడితే చక్రం దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది కనుక, టైరును అరచేత్తో ఒక దిశలో నిమిరితే నున్నగానూ, ఎదురు దిశలో నిమిరితే గరుగ్గానూ తగులుతుంది. మూడవది కాస్టర్, అంటే చక్రం ఏ అక్షం మీద పక్కలకు తిరుగుతుందో ఆ అక్షం పైకొస వెనక్కి వాలి ఉండటం. సైకిలు ముందు ఫోర్కు మాదిరి ఈ వాలు ఉండబట్టే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తానే సూటికి వస్తుంది.

ఈ మూడవ కోణాన్ని నిరూపించడం ఆయనకు మహా సరదా. ఔటర్ రింగు రోడ్డు కాస్త ఖాళీగా కనిపిస్తే చాలు, స్టీరింగు వదిలి చేతులు కట్టుకుని, "చూశారా అల్లుడుగారూ, గీత గీసినట్టు పోతోంది" అంటారు. "ఏమండీ, ముందు ఆ చేతులు దానిమీద పెట్టండి" అని వెనక సీటులోంచి పిన్నిగారు అరుస్తారు. ఒకవేళ బండి ఎడమకు జరిగితే, వాననీరు నిలవకుండా రోడ్డును అంచుకు వాలుగా వేస్తారు కనుక అటు జరగడం సహజమేనని ఆయన వివరిస్తారు. అదే లక్షణం బావమరిది కారులో కనిపిస్తే మాత్రం అది నిస్సందేహంగా అలైన్‌మెంటు లోపమే.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే చిన్న కార్లకు ముందువైపు మాక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కాడగా కలిసిన అమరిక ఉంటుంది. వాటిలో చాలావాటికి టై రాడ్ తిప్పి సరిచేయగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే, తక్కిన రెండు కోణాలూ కంపెనీలో బిగించి పంపినవే. "ఇందులో కాంబర్ అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అని షాపు కుర్రవాడు ఎంత మొత్తుకున్నా, డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషమంటారు కనుక, ఆయన రెండు నిమిషాల తేడా కోసం గంటసేపు వాదించి, అంకెలన్నీ ఆకుపచ్చగా ఉన్న రిపోర్టును ఇంటికి తెచ్చి ఫైలులో దాచుకుంటారు.

అయితే ఆయన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. వేగం 80 దాటగానే స్టీరింగు వణుకుతోందని బంధువులు అలైన్‌మెంటుకు పరుగెత్తితే, అది చాలాసార్లు బ్యాలెన్సింగు లోపమనీ, రిమ్ముకు సరైన చోట చిన్న బరువు అంటిస్తే పోతుందనీ ఆపి చెప్పేది ఆయనే. బండి కదలకముందే చల్లటి టైర్లలో గాలి చూడాలనీ, లోయర్ ఆర్మ్ బుష్‌లు వదులైతే వాటిని మార్చకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంటు చేయించినా నిలవదనీ ఫోనులో ఓపికగా చెప్పి, దేశంలోని మేనల్లుళ్లందరికీ టైర్ల ఖర్చు తగ్గించిన పుణ్యాత్ముడు ఆయన.

ఆయన సొంత కారు మాత్రం కవరు కింద నిద్రపోతూ, ప్రధానంగా అలైన్‌మెంటు షాపుకే వెళ్లివస్తుంది. టైరు పక్కగోడపై తయారైన తేదీని తెలిపే నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆయన టైర్ల మీద 1415 అని, అంటే 2015లో 14వ వారమని చదివిన అల్లుడు, రబ్బరు ఎండి పగుళ్లిచ్చిందని పగ తీర్చుకునే ధోరణిలో చూపించగా, బాబాయిగారు ఏమాత్రం చలించక, "అరుగుదల చూడండి, నాలుగూ ఎంత సమంగా ఉన్నాయో!" అన్నారు.