2 నుంచి 8 డిగ్రీల మధ్య మా కాపురం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేసినవాడికి రిటైరయ్యాక కూడా ఒక జబ్బు మిగిలిపోతుంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగుతూ ఓరకంట ఫ్రిజ్ వైపు చూస్తాడు. తలుపు సరిగ్గా పడుతోందా, లోపల గాలి ఆడుతోందా, ఇన్సులిన్ తీసుకెళ్ళి తలుపులో పెట్టారా అని. నా ఉద్యోగమంతా ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ అనే పెట్టె ముందు గడిచింది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి. సంక్రాంతైనా రాయాలి, దసరా అయినా రాయాలి. మా పెళ్ళిరోజు మర్చిపోయిన సంవత్సరాలు ఉన్నాయేమో గాని, ఆ సాయంత్రం పెట్టెలో ఎన్ని డిగ్రీలుందో అడిగితే రిజిస్టరు తిరగేసి చెప్పగలను. ఇది మా ఆవిడకి కూడా తెలుసు. అందుకే ఎప్పుడూ అడగలేదు.

ఇంతటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆవిడ కొరియా క్రీములన్నిటినీ కిటికీ గట్టు మీద, పడమటెండలో, బొమ్మలకొలువు పెట్టినట్టు పెట్టింది.

మా అమ్మాయి, అల్లుడు సియోల్ దగ్గర సువోన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంటికి వస్తే సూట్‌కేసులో సగం మొహానికి పూసుకునేవే. టోనర్, ఎసెన్స్, ఆంపుల్, సీరమ్, ఎమల్షన్, క్రీము, ఆ పైన సన్‌స్క్రీన్. "పల్చటివి ముందు, చిక్కటివి తర్వాతమ్మా" అని అమ్మాయి పాఠం చెబుతుంటే, "ఇన్ని పూశాక కింద మొహం ఎవరిదో ఎలా తెలుస్తుందే?" అంది మా ఆవిడ. అయినా ఒక్కటీ వద్దనలేదు.

సరుకు రాగానే స్టోర్సు మనిషి చూసేది తేదీ. వీటి మీద తేదీ కొరియా పద్ధతిలో ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. 25.03.11 అంటే మార్చి 11, 2025. మనం మాత్రం మార్చి 25, 2011 అనుకుని గుండె పట్టుకుంటాం. ఇంతకీ అది ముగిసే తేదీయా, మొదలైన తేదీయా అన్నది పక్కనున్న రెండు కొరియా అక్షరాలు చెబుతాయి. 'క్కాజి' అని ఉంటే ఆ రోజు వరకూ వాడుకోవచ్చు. 'జేజో' అని ఉంటే అది తయారైన రోజు. మా ఆవిడకి ఆ లిపి రాదు, అంకెలు వచ్చు. నిరుటి తేదీ కనబడేసరికి, పుట్టినరోజుని తద్దినంగా లెక్కకట్టి, మూత తియ్యని రెండు సీసాలు మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇచ్చేసింది. ఆ పిల్ల మొహం ఆ వేసవంతా నిగనిగలాడింది. "ఏం రాస్తున్నావే?" అని మా ఆవిడే దాన్ని అడిగింది.

సీసా వెనక ఇంకో గుర్తు ఉంటుంది. మూత లేచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అనో, 6ఎం అనో. తెరిచినది మొదలు అన్ని నెలలని అర్థం. తెరవనంతకాలం రెండు మూడేళ్ళు చెక్కుచెదరకుండా ఉండే సరుకు, మూత తీసిన నిమిషం నుంచీ గాలితో, వేలితో, సూక్ష్మజీవితో సంసారం మొదలుపెడుతుంది. కంటి చుక్కల మందు తెరిచిన నెలకి పారెయ్యమని ఎంతమందికి చెప్పానో! చెప్పినవాళ్ళంతా తలూపి, పై ఏడాది కళ్ళకలక్కి అదే సీసా వాడినవాళ్ళే. అందుకని ఇక్కడ మాటలు పెట్టుకోలేదు. తెల్ల ప్లాస్టరు ముక్క మీద తెరిచిన తేదీ రాసి సీసాకి అంటించాను. "మొహానికి రాసుకునేదానికి కట్టు కట్టారేమిటండీ" అంది ఆవిడ. అంటే అంది.

అసలు గొడవ ఫ్రిజ్‌లో మొదలైంది. ఎండలోంచి తీసి వాటిని నేను ఫ్రిజ్‌లోకి మార్చిన మర్నాడు పొద్దున్నే మా అమ్మ పెరుగు గిన్నె కోసం తలుపు తీసింది.

"ఒరే, గిన్నె పక్కన ఆ సీసా ఏమిట్రా?"

"కోడలు మొహానికి రాసుకునేదమ్మా."

"దేంతో చేస్తారు?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రిజిస్టరులో దొంగ అంకె వెయ్యనివాణ్ణి. "నత్తతో" అన్నాను.

"నత్తంటే?"

"వానాకాలం తులసికోట చుట్టూ పాకుతుందే, అదే. దాని జిగురు వడకట్టి తీస్తారు."

"అందులో ఎంతుంటుంది నత్త?"

ఆ కాస్‌ఆర్‌ఎక్స్ ఎసెన్సు పేరులోనే 96 ఉంది. దాచడానికి లేదు. "96 శాతం" అన్నాను.

మా అమ్మ కాసేపు ఆలోచించింది. "96 పాళ్ళు నత్తే అయ్యాక తక్కిన నాలుగు పాళ్ళకీ మడి కట్టి ఏం లాభం రా" అని పెరుగు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ మైలపడ్డాయి. దోసెలపిండి, నిమ్మకాయలు, పూజకి తెచ్చిన తమలపాకులు, వెన్న. ఆ రోజు మా అమ్మ అన్నంలోకి ఆవకాయ, నూనె. మేము మైలపడ్డ వెన్నతో దోసెలు తిన్నాం. అవి బాగానే ఉన్నాయి.

చిత్రమేమిటంటే ఆ నత్త ఎసెన్సుకి ఫ్రిజ్ అక్కర్లేదు. ఫినాక్సీఇథనాల్ లాంటి నిల్వ పదార్థాలు వేసే చేస్తారు వీటిని. ఎండ తగలని అరలో, మూత బిగించి పెడితే చాలు. టోనర్లూ, మామూలు క్రీములూ అంతే. ఈ మాట అమ్మకి చెప్పి సీసాని బయటికి తెచ్చాను. మైల మాత్రం వెనక్కి పోలేదు.

ఎండ తగలని చోటు అనడం తేలికే. మా బెజవాడలో అది ఎక్కడుంది? డబ్బాల మీద 'గది ఉష్ణోగ్రతలో ఉంచండి' అని రాస్తారు. సియోల్‌లో జనవరి రాత్రి మైనస్ 10 దాకా పడిపోతుందట, లోపల నేలంతా వెచ్చగా ఉంచుకుంటారట. అలాంటి దేశంలో గది ఉష్ణోగ్రత అంటే ఒక అర్థముంది. మాకు ఏ గది? ఏ నెల? క్రీము ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలుసుకోవడానికి కంపెనీలవాళ్ళు అన్నేళ్ళూ కూర్చోరు. 40, 45 డిగ్రీల వేడి పెట్టెలో మూడు నెలలు ఉంచి, నూనె నీరు విడిపోయాయా, రంగు మారిందా, వాసన వచ్చిందా అని చూస్తారు. దాన్ని వాళ్ళు త్వరిత స్థిరత్వ పరీక్ష అంటారు. మేము వేసవి అంటాం. మా కిటికీ గట్టు మీద ఆ పరీక్ష ఏటా జరుగుతుంది. రిపోర్టు రాసేవాడే లేడు.

ఈ వేడికి అందరికంటే ముందు కూలబడేది విటమిన్ సి సీరమ్. ఆస్కార్బిక్ ఆమ్లానికి గాలి పడదు, వెలుతురు పడదు, వేడి పడదు. మా పెదనాన్న ఒకాయన అచ్చం ఇంతే. కొత్తలో నీళ్ళలా ఉండే సీరమ్ ఆక్సిజన్ తగిలేకొద్దీ పసుపెక్కి, ఆనక గోధుమరంగుకి తిరుగుతుంది. టీకా సీసాల మీద మాకొక గుండ్రటి గుర్తు ఉండేది, మధ్యలో చిన్న చదరం. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుకి వచ్చిందంటే సీసా పారెయ్యాలి. విటమిన్ సికి ఆ గుర్తు వేరే అంటించక్కర్లేదు, తానే గుర్తు. దీన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టాలి, తెరిచాక రెండు మూడు నెలల్లో ముగించాలి. గోధుమరంగుకి తిరిగిన సీసా చూపించి మా ఆవిడతో ఇదంతా చెప్పాను. "ఇన్నాళ్ళకి బాగా ఊరిందనుకున్నానే" అంది.

రెటినాల్‌ది కూడా ఇదే వంశం. అందుకే దాన్ని వెలుతురు దూరని అల్యూమినియం ట్యూబులోనో, గాలి వెనక్కి పీల్చని పంపులోనో పోస్తారు. సీసా మూతి ఎంత సన్నమైతే సరుకు అంత భద్రం, ఇది ఫార్మసీలో మొదటి పాఠం. సియోల్‌లోని నేషనల్ మ్యూజియం నుంచి అమ్మాయి ఒక ఫొటో పంపింది. గొర్యో రాజుల కాలం నాటి సెలడాన్ సీసాలు, ఆకుపచ్చగా, అరచేతిలో ఇమిడేవి. ఆడవాళ్ళు జుట్టు నూనె పోసుకునేవట. పొట్ట గుండ్రం, మెడ సన్నం, మూతి చిటికెన వేలు కూడా దూరనంత. ఆ కుమ్మరి ఎవరోగాని మా స్టోర్సులో ఉండాల్సినవాడు. అంత తెలిసిన దేశంలోనే ఇప్పుడు వెడల్పు మూతి జాడీల్లో క్రీములు పెడుతున్నారు. దాంతోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ గరిటె ఇస్తారు, వేలు పెట్టకూడదని. ఆ గరిటె మా ఇంట్లో కుంకుమ భరిణెలోకి చేరింది. క్రీములోకి మా ఆవిడ వేలు, అదీ మొహం కడుక్కున్న తడివేలు, వెళుతోంది. ఆవకాయ జాడీలోకి ఎవరైనా తడిగరిటె పెడితే వీధి చివరిదాకా వినబడేలా కేకలేసే మనిషి! ఆ జాడీకున్న మడి ఈ జాడీకి ఎందుకు లేదని అడిగాను. "దాన్ని తింటామండీ" అంది. ఫార్మసీ డిప్లొమాలో దీనికి జవాబు నేర్పలేదు.

ఫ్రిజ్ మంచిదన్నానని అన్నీ అందులోకి తోసెయ్యడమూ ప్రమాదమే. క్లెన్సింగ్ నూనెలు గడ్డకడతాయి, బామ్‌లు బిగుసుకుంటాయి. ఇక గడ్డకట్టడమంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. టీకాల్లో కొన్నిటికి వేడికంటే చలి పెద్ద శత్రువు, డీపీటీ ఒక్కసారి గడ్డకట్టిందంటే ఎందుకూ పనికిరాదు. క్రీమూ ఎమల్షనూ అంతే. నూనెనీ నీటినీ బలవంతాన ఒకచోట కట్టిపడేసిన సంసారాలవి. గడ్డకట్టి కరిగితే విడిపోతాయి, మళ్ళీ ఎంత కలిపినా కలవవు. ఇంటి ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనిన కొత్తిమీర మంచుకట్టడం అందరూ చూసిందే. ఆ గోడకి క్రీము ఆనించకూడదు. షీటు మాస్కులకి ఫ్రిజ్ చల్లదనం హాయి, ఎసెన్సు ఒకమూలకి చేరకుండా పడుకోబెట్టి ఉంచాలి. మా ఆవిడ వాటిని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పలకలా బిగిసినదాన్ని మొహం మీద పెట్టుకుని, "కొరియావాళ్ళకి ఓపిక ఎక్కువ" అంది.

ఈ తగువులన్నీ తీర్చాలని అల్లుడు క్రీముల కోసమే ఒక చిట్టి ఫ్రిజ్ పంపాడు. గులాబీ రంగు, తలుపులో అద్దం. అందులో కంప్రెసర్ ఉండదు. కరెంటు పారితే ఒక పక్క చల్లబడి రెండో పక్క వేడెక్కే పెల్టియర్ పలక ఉంటుంది. బయటి వేడికంటే లోపల 15, 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతకుమించి దాని తరం కాదు. గదిలో 22 ఉంటే లోపల ఐస్‌లైన్డ్ పెట్టె ఠీవి. మా గదిలో 42 ఉన్న మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూస్తే లోపల 26. నిజానికి క్రీములకి అది చాలు, విటమిన్ సి ఒక్కటే పెద్ద ఫ్రిజ్‌లో ఉండాలి. "బామ్మా, అక్కడ కూడా మడి ఉంది తెలుసా?" అని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. "కిమ్చీకి వేరే ఫ్రిజ్ పెట్టుకుంటారు. 1995లో డిమ్‌చే అని ఒకటి వచ్చాక చాలా ఇళ్ళల్లో అదొకటి, మామూలుదొకటి." మా అమ్మ ఆ మాటని శ్రద్ధగా విన్నది. తెల్లారేసరికి గులాబీ రంగు ఫ్రిజ్‌లో దేవుడి పువ్వులు, తమలపాకులు, తీసిన గంధం ఉన్నాయి. తలుపు అద్దం మీద పసుపు, కుంకుమ బొట్టు. నత్త మళ్ళీ ఫ్రిజ్ మొహం చూడలేదు.

బాత్రూమ్ అర పనికిరాదు, వేడినీళ్ళ ఆవిరికి మూతల చుట్టూ బూజు పడుతుంది. స్కూటర్ డిక్కీలో సన్‌స్క్రీన్ పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. ఎండనుంచి కాపాడాల్సినదాన్ని ఎండలో ఉడకబెట్టి పూసుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

ఇవన్నీ ఒక ఎత్తు, బీరువా ఒక ఎత్తు. కిటికీ గట్టు ఖాళీ చేయించాక తెలిసింది, అక్కడున్నవి నమూనాలేనని. అసలు గోడౌను బీరువాలో, పట్టుచీరల వెనక, నాఫ్తలిన్ ఉండల మధ్య ఉంది. అమ్మాయి మొదటిసారి తెచ్చిన డబ్బాలు కూడా మూత తియ్యకుండా అలాగే ఉన్నాయి. "వాడేస్తే అయిపోతాయి కదండీ" అంది. వాడకపోయినా అయిపోతాయని 'క్కాజి' తేదీలు చూపించాను. "మంచివి, పెళ్ళిళ్ళకని ఉంచాను." ఎవరి పెళ్ళికని అడిగితే మా పెద్దన్నయ్య మనవరాలి పేరు చెప్పింది. ఆ పిల్ల ఏడో తరగతి చదువుతోంది.

ఇక లాభం లేదని రిజిస్టరు తెరిచాను. ముందు గడువు తీరేది ముందు బయటికి. ఒక సమయంలో ఒక్కొక్క రకంలో ఒక్క సీసాయే తెరవాలి. బీరువా తాళం నా దగ్గర. కావలసినవాళ్ళు ఇండెంటు రాసి సంతకం పెడితే సరుకు ఇస్తాను. మా ఆవిడ మారుమాట్లాడకుండా ఒక టోనర్‌కి ఇండెంటు రాసి, సంతకం పెట్టి, సీసా తీసుకుంది. నా పరిపాలనా దక్షతకి నాకే ముచ్చటేసింది.

సాయంత్రం నాలుగింటికి కాఫీ రాలేదు. వంటింట్లోకి వెళ్ళి అడిగితే ఇండెంటు పెట్టమంది. పెట్టాను. 'స్టాకు లేదు' అని రాసి, కింద సంతకం చేసి, తిప్పి పంపింది.