మట్టిల్లు, రాత్రికి ఆరువేలు

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో యువతను వారానికి 70 గంటలు పనిచేయమన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు పాట 90కి పెంచారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఒక్కటే పాపం, అప్పటికీ 48 దగ్గరే కూర్చుని ఉంది. చాదస్తపు ముసలిది!

ఈ వేలంపాటకు జడిసిన మన బెంగళూరు ఐటీ బాబులు నిదానపు జీవితంలోకి దూకుతున్నారు. హిందూపురం వైపు రెండెకరాలు, నాటు ఆవు, రాగి ముద్ద. సూర్యోదయాన్ని తీరిగ్గా చూడ్డానికి నాలుగున్నరకే అలారం. ఆ ఫొటోకి లైకులెన్నొచ్చాయో చూడ్డానికి ఇంకోటి. వాయిదాలు కట్టాలి కనుక ఉద్యోగం మాత్రం వదల్లేదు.

మొన్న అలాంటి బాబొకడు బెంగళూరు కాటన్‌పేటలో సరుకు ఎత్తించడానికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం, లోడు లేక తోపుడుబండి మీదే తువ్వాలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు కదిరి హమాలీ. బాబుకి ముచ్చటేసింది. ‘నీదన్నా అసలు జీవితం’ అంటూ ఫోన్‌లో తన వారాంతపు విడిది చూపించాడు: మట్టిగోడలు, బోదకప్పు, కిరోసిన్ లాంతరు, రాత్రికి ఆరువేలు.

హమాలీ లేచి కూర్చున్నాడు. ‘మాదీ ఇట్లాంటిదే సామీ. వానకి కూలిపోతేనే గదా ఈడికొచ్చినాం!’