చెంచా తిరగేసే పెద్దమనిషి

ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటర్లూప్లేన్ సంతకి వెళ్ళినా, ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజని ఊరు ఊరంతా పాత సామాన్లు వీధిలో పరిచినప్పుడు వెళ్ళినా, ఈయన తగలక మానడు. అరవై దాటిన మనిషి. మెడలో తాడు, తాడుకో భూతద్దం. పాత చెంచా కంటబడితే చాలు, తిరగేస్తాడు. ముందువైపు ఎంత పనితనం ఉన్నా ఆయనకి పట్టదు. చెంచా జాతకం వీపునే రాసి ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం నిజం కావడమే మన ఖర్మ. 1814 నుంచీ నెదర్లాండ్స్‌లో వెండికి వరసగా సర్కారు ముద్రలు పడుతున్నాయి. 1953 దాకా కొట్టిన ముద్రల్లో, సింహం నడుస్తూ, దానితో 2 అంకె ఉంటే వెయ్యిలో 833 పాళ్ళు వెండి. సింహం నిలబడి, దానితో 1 ఉంటే 934. మనకి 916 బంగారం ఎలాగో అప్పట్లో వాళ్ళకి 833 వెండి అలాగ. టీ చెంచాలాంటి చిన్న సరుకు మీద సింహానికి చోటుండదు కనక బుల్లి కత్తి కొడతారు. పెద్దవాటి మీద మినర్వా దేవత తల కూడా ఉంటుంది. ఆవిడ శిరస్త్రాణంలో ఉన్న అక్షరాన్ని బట్టి ఏ ఊరి కచేరీలో పరీక్ష జరిగిందో, విడిగా ఉన్న ఇంకో అక్షరాన్ని బట్టి అది ఏ ఏడాదో తెలుస్తుంది. బియ్యపుగింజంత మేర ఉన్న ఈ పురాణమంతా ఆయన నోటితో ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, ఓ కన్ను మూసి పారాయణ చేస్తాడు. వెనక నిలబడ్డవాళ్ళు వెళ్ళి కాఫీ తాగి రావచ్చు.

ఆ దేశంలో పూర్వం మనిషి పోతే పేరూ తేదీ చెక్కించిన వెండి చెంచాలు దగ్గరివాళ్ళకి పంచే ఆచారం ఉండేది. బిడ్డ పుట్టినా అంతే. ఓసారి అలాంటి సంస్మరణ చెంచా ఒకటి సంతలో అమ్మే ఆవిడ ఈయనకి ఆశగా చూపించింది.

"చూడండి, 1790ల నాటిది. తేదీ కూడా ఉంది."

"ఆవిడ పోయింది 1790ల్లోనేనమ్మా. ముద్ర మాత్రం 1880ల నాటిది. పాపం, కంసాలికి కబురు ఆలస్యంగా అందినట్టుంది."

అమ్మే ఆవిడ పట్టు వదల్లేదు. "గొడ్డలి గుర్తుంది కదండీ!" అంది. ఆయనకి కావలసింది అదే. గొడ్డలి గుర్తు 1853 నుంచి 1927 దాకా, పాత వెండి మళ్ళీ అమ్మకానికొస్తే కొట్టేవారట. కాబట్టి చెంచా ఎప్పుడు పుట్టిందో అది చెప్పదట, మళ్ళీ బజారుకి ఎప్పుడొచ్చిందో చెబుతుందట. ఉపన్యాసం పూర్తయ్యేసరికి పక్క బల్ల మీద సరుకంతా అమ్ముడుపోయింది.

పిడి చివర గాలిమరో, ఓడో, ఆవో ఉన్న చెంచా చూస్తే మాత్రం ఆయనకి ఒళ్ళు మండుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నెదర్లాండ్స్‌లోని స్కోన్‌హోవెన్‌లోనూ, జర్మనీలోని హనావులోనూ యాత్రికుల కోసం ఇలాంటివి తెగ చేశారు, వాటిమీద పాత నగరాల ముద్రల్లాంటివి కూడా గుద్దారు. "ముద్రలు ఎక్కువైన కొద్దీ అనుమానం ఎక్కువవ్వాలి" అంటాడు. అన్నట్టు, ఆయన కొన్న మొట్టమొదటి చెంచా గాలిమరదే. అది సొరుగు అడుగున ఉందని వాళ్ళావిడ చెప్పింది.

ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది. ఇంట్లో తినేది స్టీలు చెంచాలతోనే, తోమితే ముద్రలు అరిగిపోతాయని ఆయన భయం. ఎవరైనా భోజనానికి పిలిస్తే మాత్రం సూపు బల్ల మీద కారుతున్నా సరే, వాళ్ళ చెంచా వీపు చూడందే ముద్ద దిగదు.

మీరు అటు వెళితే చెంచా తిరగేసి చూసుకోండి. సింహం, 2, మినర్వా, ఏడాది అక్షరం స్పష్టంగా ఉంటే వెండి ధరకి తగ్గకుండా ఇవ్వండి. గాలిమర నచ్చితే గాలిమర ధరే ఇవ్వండి. పక్కన భూతద్దం కనిపిస్తే మాత్రం చప్పున డబ్బు కట్టి వచ్చేయండి, లేకపోతే చీకటిపడుతుంది.