దమ్మాయిగూడ డమ్మీ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘బాల్ లేనోడు ఉన్నట్టు ఉరకాలె. ఉన్నోడు లేనట్టుండాలె. ఎవల్నీ తాకొద్దు!’

అవతారిక: దమ్మాయిగూడలో ఒక ఖాళీ జాగాలో, తెల్లారి ఆరింటికి, చెప్పుల జతలే హద్దులుగా పిల్లలకు రగ్బీ నేర్పుతున్న కోచ్ నోట వెలువడిన సూత్రమిది. ఛందస్సు లేదు, విజిల్ ఉంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో మన నగరానికీ ఒక జట్టు ఉంది. అయినా ‘బంతిని వెనక్కి విసురుతారేంట్రా వీళ్లు’ అని నవ్వేవాళ్లే చుట్టూ ఎక్కువ. ఈ టీక వాళ్ల కోసం.

ప్రతిపదార్థం: బాల్ = కోలగా ఉండి, నేల తాకితే ఎటు ఎగురుతుందో తనకే తెలియని బంతి; లేనోడు = డమ్మీ రన్నర్; ఉన్నట్టు = చేతులు చాచి, కళ్లు బంతి మీద నిలిపి, ‘నాకియ్యి, నాకియ్యి’ అని గొంతు చించుకుంటూ; ఉరకాలె = డిఫెండర్ల గీత మీదికి దమ్ముకొద్దీ పరుగెత్తవలెను.

ఇక ‘ఉన్నోడు’ ఎవడన్నది వివాదం. పాస్ ఇచ్చేవాడని పూర్వ వ్యాఖ్యాతలు (గోడ మీద కూర్చున్న ఇంటర్ పిల్లలు). అది పొసగదు. బంతి చేతిలో పట్టుకుని అందరికీ కనిపిస్తున్నవాడు లేనట్టు ఎలా ఉంటాడు? మరుక్షణం బంతి అందుకోబోయేవాడే ‘ఉన్నోడు’. కాబోయే అల్లుణ్ని అప్పుడే అల్లుడనడం లేదా? వాడు డమ్మీ వీపు వెనుక, ఒక క్షణం ఆలస్యంగా, ఈ గొడవతో తనకేం పని అన్నట్టు బయల్దేరాలి.

తాత్పర్యం: డమ్మీని చూసి డిఫెండర్ ఒక్క అడుగు అటు వేస్తే చాలు, పక్కన సందు పడుతుంది. డమ్మీ వీపు వెనుకగా వచ్చిన బంతి ఆ సందులోంచి దూరిపోతుంది.

విశేషం: కీసరగుట్ట పక్కనే ఉన్న ఊరికి రామాయణం వేరే చెప్పాలా? రావణుణ్ని చంపిన దోషం పోవడానికి రాముడు లింగం ప్రతిష్ఠించింది ఆ గుట్ట మీదేనని స్థలపురాణం. ఆ రావణుడు వేసిన ఎత్తూ ఇదే. మారీచుడు బంగారు లేడిగా ఉరికి రాముణ్ని లాక్కుపోయాడు. అంతటితో ఊరుకోలేదు. ప్రాణం పోతూ రాముడి గొంతుతో ‘హా లక్ష్మణా’ అని కేకేసి రెండోవాణ్నీ లాగాడు. ఒక్క డమ్మీకి ఇద్దరు డిఫెండర్లు ఖాళీ! రావణుడు ఉరకనైనా లేదు. సన్యాసి వేషంలో, ఏమీ అక్కర్లేనివాడిలా నడిచొచ్చాడు. ‘ఉన్నోడు లేనట్టుండాలె’ అన్నదానికి ఇంతకన్నా ఉదాహరణ మాకు దొరకలేదు. కేక లేని డమ్మీని కోచ్ మళ్లీ మొదటికి పంపేదీ అందుకే.

‘ఎవల్నీ తాకొద్దు’: సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు వేయకూడదు. బంతిని మోస్తున్న, లేదా చివరగా ఆడిన తనవాడి కన్నా ముందున్నవాడు ఆఫ్‌సైడ్. అంటే బంతి తన వెనుక నుంచి పోయిన క్షణానే డమ్మీ ఆఫ్‌సైడ్ అయిపోతాడు. ఆ పైన ఏ డిఫెండర్‌కి అడ్డుపడ్డా పెనాల్టీ. నియమావళిలో 9వ అధ్యాయం అడ్డగింతను తప్పంటుంది, 10వది ఆఫ్‌సైడ్ సంగతి చెబుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనైతే అడ్డంపడటమే కొందరి ఉద్యోగం, ఇక్కడ చెల్లదు. కాబట్టి డమ్మీ డిఫెండర్ ఛాతీ మీదికి కాదు, ఇద్దరి నడిమి సందుకు గురిపెట్టాలి. దూరిపోవాలి, ఆగి నిలబడకూడదు. అలా పోతున్నవాణ్ని బంతి ఉందనుకుని ఎవడైనా పట్టి పడేశాడా, పెనాల్టీ వాడి మీదే. మోసపోయినందుకు శిక్ష కూడానా అంటే, అవును.

ఆక్షేపం: ‘సార్, రోజూ నేనే ఉత్తగ ఉరుకుతున్న. నాకు బాల్ ఎప్పుడిస్తరు?’ అని మోకాళ్ల నిండా మట్టితో ఒక బక్కపిల్లాడు.

సమాధానం: ‘ఇస్తం బిడ్డా, అప్పుడప్పుడన్న ఇయ్యాల్సిందే. లేకుంటే నిన్నెవడు నమ్ముతడు?’ మూలం కన్నా ఇదే గొప్పదని మా అభిప్రాయం. డమ్మీకి ఎన్నడూ బంతి అందదని తెలిసిన డిఫెండర్ వాడి వైపు కన్నెత్తి చూడడు. అందుకే పాస్ ఇచ్చేవాడు చివరి అడుగు దాకా ఇద్దరిలో ఎవరికైనా ఇవ్వగలిగేలా బంతిని రెండు చేతులతో పట్టుకోవాలి. సందు ముందే కనిపిస్తే డమ్మీకే ఇచ్చేయాలి. ఈ ఒక్క మాట నేర్పడానికే ఆ పొద్దంతా సరిపోయింది.

ఫలశ్రుతి: ఇది చదివినవారికి పుణ్యం ఎంత వస్తుందో గానీ, ఈసారి టీవీలో రగ్బీ వస్తే బంతిని కాసేపు వదిలేసి ఉత్త చేతులతో ముందు ఉరికేవాణ్ని చూడండి. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించే ‘ట్రై’కి వచ్చే 5 పాయింట్లు వాడి పేరున పడవు. అడ్డుపడితే పెనాల్టీ మాత్రం వాడి పేరునే.