‘కొంచెం చలి’: సటీకా తాత్పర్యము

మూలము: “అమ్మా, ఇక్కడ కొంచెం చలి. బాగానే ఉన్నాను.”

అవతారిక: రోహిణీకార్తెలో 45 డిగ్రీల యెండకును జంకక క్రికెట్టాడి పెరిగిన బెజవాడ కుఱ్ఱవాడొకడు, పైచదువులకై అమెరికాలోని మినియాపొలిస్ నగరమునకేగి, తన తొలి జనవరిలో నొక ప్రాతఃకాలమున తల్లికి పంపిన సందేశమిది.

ప్రతిపదార్థము: అమ్మా = ఓ తల్లీ (నాన్నకు చెప్పవలసినదియు నీ ద్వారముననే పోవునని భావము); ఇక్కడ = జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 9 డిగ్రీలుండు నీ పురమున; కొంచెం = విశేషములు చూడుడు; చలి = శీతము; బాగానే = అదియు చూడుడు; ఉన్నాను = ఉన్నాను.

విశేషములు: బెజవాడలో చలి యనగా ధనుర్మాసపు తెల్లవాఱుజామున కొబ్బరినూనె పేరుకొనుట, సీసాను ఎండలో నుంచిన కొంతసేపటికే కరగును. మినియాపొలిసులోనో, సూర్యుడు దేదీప్యమానుడై వెలుగు దినములే తఱచు మిక్కిలి చలిదినములు. ఏలయన, మేఘమను దుప్పటి లేని రాత్రి భూమి తన వేడిమిని నిలుపుకొనజాలదు. కిటికీలోనుండి యెండను చూచి, వేడియు దాని వెంటనే యుండునని నమ్మి, టోపీ లేక బయలుదేరిన మనవాడు, నాలుగు వీధులు దాటునంతలో చెవులు తనవో కావో యెఱుంగడయ్యెను. వెలుగునకును వేడికిని ‘ఎండ’ యను నొక్క మాటయే చాలునన్న భాషలో పుట్టినందులకు కలిగిన ప్రమాదమిది. ఇంట చేరినను సుఖము లేదు: హీటరు వేడికి గాలి యెండి పెదవులు పగులును, తలుపుపిడి ముట్టిన వ్రేలు చురుక్కుమనును. నగరమధ్యమున మేడనుండి మేడకు గాజువంతెనలు కట్టుకొని, వీధి తొక్కకయే తిరుగు పౌరులను చూచినపుడు, ఈ చలి స్థానికులకును కొంచెము కాదని యతనికి బోధపడెను.

శంక: అట్లయిన ‘కొంచెం’ అనుట యసత్యము కాదా?

సమాధానము: కాదు. స్నేహితులకు పంపిన ప్రతిలో “చచ్చిపోతున్నాన్రా” యని పాఠాంతరము కలదు. చలి కొలత ఆ పాఠమునందున్నది. ఇందున్నది తల్లి యెంత భరింపగలదను కొలత.

శంక: ఆమె నమ్మెనా?

సమాధానము: ‘బాగానే’ యందలి ఏకారము నిశ్చయార్థకమని వ్యాకరణము. లోకమునందో, బాగున్నవాడు ‘బాగున్నాను’ అనును గాని ‘బాగానే’ అనడు. తల్లులు లోకము నెఱిగినవారు.

తాత్పర్యము: ఆమె ప్రత్యుత్తరమే తాత్పర్యము: “ఇక్కడా కొంచెం చలిగానే ఉంది, నాన్నా.” ఆ సాయంకాలము బెజవాడలో, ఆమె తలపై ఫంకా తిరుగుచుండెను.