పలక చెప్పుకున్న కథ

నేను మార్కాపురం పలకని. నల్లమల అంచున నేలలో పొరలు పొరలుగా ఉన్న రాయిని తవ్వి, పొర విడదీసి, అంచులు కోసి, నున్నగా అరగదీసి, నాలుగు చెక్క పట్టీలు బిగించారు. మా ఊరి పలకల మీద తెలుగునాట ఎన్ని తరాలు ఓనమాలు దిద్దాయో లెక్కలేదు. నన్ను మాత్రం ఒక నాయనమ్మ కెనడాలో పుట్టిన మనవడి కోసం కొన్నది. రెండు నూలు చీరల మధ్య, బలపాల పెట్టెతో సహా, జూన్ నెలలో ఆవిడతో పాటే సముద్రాలు దాటాను.

చేరిన ఊరు లీమింగ్టన్. ఆంటారియోకి దక్షిణపు కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఊరి చుట్టూ గ్రీన్‌హౌస్‌లు, వాటి నిండా టమాటా, కీరా, క్యాప్సికం. వాటిలో పనిచేసేవాళ్లలో చాలామంది మెక్సికో నుంచి, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లు. సీజన్ కూలీల పథకాన్ని కెనడా 1966లో జమైకాతో మొదలుపెట్టింది, 1974లో మెక్సికో చేరింది. ఆ పథకంలో వచ్చినవాళ్లు ఏడాదిలో 8 నెలలకు మించి ఉండకూడదు. డిసెంబర్ 15 లోపల ఇంటిదారి పట్టాలి. ఆ ఊరి అంగళ్లలో స్పానిష్ వినపడేది అందుకే. మా ఇంటి కోడలు పనిచేసేది మందుల షాపులో.

పగలు నేను పిల్లాడి సొత్తు. వాడు నిద్రపోయాక స్పానిష్ నేర్చుకోవడానికి కోడలు నన్ను అందుకునేది. షాపుకి వచ్చిన మనిషికి మాత్ర ఏ వేళకి వేసుకోవాలో చెప్పాలంటే, ఆ మనిషి ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు పడుకుంటాడో అడగాలి. ఆ మాటలన్నీ స్పానిష్‌లో ఒక తోక తగిలించుకుని వస్తాయి. లావార్, లావార్సే. ఆ చివరి 'సే'తోనే ఆమెకు తంటా.

"లావార్ అంటే కడగడం. లావార్సే అంటే తనను తాను కడగడం" అని ఒక రాత్రి నా మీద రాస్తూ వల్లె వేస్తోంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తింది.

"తనను తాను కడగడమేందమ్మా? అట్టా ఎవరంటారు? కడుక్కోవడం."

బలపం ఆగిపోయింది. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వచ్చి వెతుకుతున్నది తన నోట్లోనే ఉందని కోడలికి ఆ క్షణాన తెలిసింది. గిన్నెలు కడుగుతాను, చేతులు కడుక్కుంటాను. పిల్లాడికి తల దువ్వుతాను, నేను తల దువ్వుకుంటాను. పని ఫలం ఎదుటి వస్తువుకి పోకుండా చేసేవాడికే తిరిగొస్తే మనం 'కొను' చేరుస్తాం. మన వ్యాకరణం దాన్ని ఆత్మార్థకం అంటుంది. స్పానిష్‌వాళ్లు 'సే' చేరుస్తారు. ఇంకో పోలిక నాకు మరీ నచ్చింది. 'మె లావో లాస్ మానోస్' అంటే చేతులు కడుక్కుంటాను. 'నా' చేతులు అని అక్కడా చెప్పరు, ఇక్కడా చెప్పరు. ఎవరి చేతులో ఆ తోకే చెబుతుంది.

తేడా లేకపోలేదు. మన 'కొను' కదలదు, చివరి ప్రత్యయమే మారుతుంది: కడుక్కుంటాను, కడుక్కుంటావు, కడుక్కుంటాడు. వాళ్లకు రెండూ మారతాయి, పైగా తోక ముందుకొచ్చి కూర్చుంటుంది: మె లావో, తె లావాస్, సె లావా, నోస్ లావామోస్, సె లావాన్. స్పెయిన్‌లో 'మీరంతా' అనడానికి 'ఓస్' అని ఇంకొకటి ఉంది గానీ, మెక్సికోవాళ్లు వాడరని కోడలు దాన్ని నా మీద రాయలేదు. 'పడుకుంటాను' దగ్గర ఇంకో మడత. మె అకువేస్తో, కానీ నోస్ అకోస్తామోస్. పలికేటప్పుడు బరువు ఆ 'కో' మీద పడితే అది 'కువే' అవుతుంది, బరువు పక్కకు జరిగితే మళ్లీ 'కో'నే. ఎన్ని రాత్రులు రాసి చెరిపిందో, ఆ రెండు మాటలున్న చోట నా నలుపు కాస్త తెల్లబారింది.

అత్తగారి 'కొను' అన్నిచోట్లా అతకలేదు. లెవాంతార్ అంటే ఎత్తడం, లెవాంతార్సే అంటే లేవడం. 'లేవడం'లో కొను ఏదీ? పేరు చెప్పేటప్పుడు 'మె యామో' అంటారు, మనం 'నా పేరు' అని ఊరుకుంటాం. ఇర్ అంటే వెళ్లడం సరే, ఇర్సే ఏమిటని కోడలు పైకే అనుకుంది. దోర్మీర్ నిద్ర, మరి దోర్మీర్సే?

"అర్థం చెప్పు" అంది అత్తగారు. కోడలు చెప్పింది: ఉన్నచోటు వదిలి వెళ్లడం, మెలకువ నుంచి నిద్రలోకి జారడం.

"వెళ్లిపోవడం, నిద్రపోవడం. 'కొను' కాదమ్మాయ్ ఇక్కడ, 'పోవు'."

నిజమే. కాయెర్సే కూడా పడిపోవడమే. మనం రెండు మాటలకు పంచి ఇచ్చిన పనిని వాళ్లు ఒక్క తోకతో నడుపుకుంటున్నారు. స్పానిష్ ముక్క చెవిన పడని మార్కాపురం మనిషి ఈ సంగతి పట్టుకోవడం నేను దగ్గరుండి చూశాను. నా మీద ఎంతోమంది పాఠాలు చెప్పగలరేమో, ఆమెలా వినగలిగినవాళ్లు అరుదు.

ఇంకో రోజు కోడలు మొహం వేలాడేసుకుని వచ్చింది. బీపీ మాత్రలకు వచ్చే ఒక పెద్దాయన్ని 'తె లెవాంతాస్' అని అడిగిందట. అడిగాక తప్పు తెలిసిందట.

"ఏమన్నట్టు?"

"ఎన్నింటికి లేస్తావు అన్నట్టు, అత్తయ్యా."

"పెద్దాయన్ని నువ్వు అన్నావా!"

ఆ రాత్రి నా మీద ఒకే మాట నిండింది. 'సె లెవాంతా'. మీరు లేస్తారు. 'ఉస్తేద్' అనే వాళ్ల మీరుకి 'తె' పనికిరాదు, 'సె' కావాలి. మర్నాడు ఆయన లేచేది తెల్లవారుజాము నాలుగున్నరకని తెలిసింది. మాత్ర వేళ దానికి తగ్గట్టు సరిచేయించింది.

డిసెంబర్ మొదటి వారంలో ఆయన షాపుకి వచ్చి 'మె వోయ్' అన్నాడట. వెళ్లిపోతున్నాను. గుమ్మం దగ్గర తిరిగి చూసి 'నోస్ వేమోస్' అన్నాడట.

"అంటే?" అంది అత్తగారు.

"మాటకు మాటైతే ఒకరినొకరం చూసుకుంటాం. మళ్లీ కలుసుకుందాం అని, అత్తయ్యా."

"కలుసుకుందాం" అని ఆవిడ నెమ్మదిగా పలికింది, అందులోని 'కొను'ని వేలితో తడుముతున్నట్టు.

అత్తగారు కెనడాలో ఉండాల్సిన ఆరు నెలల గడువూ ఆ నెలలోనే తీరింది. పెట్టెలు కారెక్కుతుండగా వంటింట్లోకి వచ్చి, పిల్లాడు వదిలేసిన బలపం ముక్క తీసుకుని, నా కింది సగంలో తెలుగు అక్షరాల్లో 'నోస్ వేమోస్' అని రాసింది. ఇప్పుడు పిల్లాడు కొత్త పాఠాలన్నీ పై సగంలోనే రాస్తున్నాడు.