ఒంటికి సున్నం చల్లకండి

కృత్తివెన్నులో రొయ్యల చెరువు చేసే రైతుకు పీహెచ్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రంతా నాచూ రొయ్యలూ కార్బన్ డయాక్సైడ్ వదలడంతో తెల్లారేసరికి పీహెచ్ దిగుతుంది, ఎండెక్కాక పెరుగుతుంది. 7.5కూ 8.5కూ మధ్య ఉంటే చాలు. మన రక్తానిదీ అదే రసాయనమే, కాకపోతే దానికున్న వెసులుబాటు 7.35 నుంచి 7.45 వరకే. కార్బన్ డయాక్సైడును ఊపిరితిత్తులు, మిగతా ఆమ్లాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తుంటాయి. ఇంత తెలిసిన ఊళ్లలోనే కింది సలహాలు చెలామణీ అవుతున్నాయి. ఒక్కటీ పాటించకండి.

"నిమ్మకాయ, చింతపండు మానెయ్, రక్తం పులుస్తుంది." పులవదు. ఆ ఆమ్లాన్ని శరీరం చాలావరకు కాల్చేసి ఊపిరితో వదిలేస్తుంది. ఛాతీలో మంటైతే జీర్ణాశయం గొడవ, రక్తానిది కాదు. మంటతో పాటు చెమటలు పడితే మాత్రం ముందు గుండె చూపించుకోవాలి.

"చెరువుకు సున్నం చల్లినట్టు, రోజూ వంటసోడా నీళ్లు తాగు." కిడ్నీ జబ్బు ముదిరిన కొందరికి డాక్టర్లు సోడా బైకార్బనేట్ మాత్రలు రాస్తారు, రక్తపరీక్షలో ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ ఎంతుందో చూసుకుని. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ బాధితులకు ఉపయోగపడే మాత్ర అందరికీ మంచిదనుకోవడం ప్రమాదం. సోడాతో సోడియం పెరిగి బీపీ, కాళ్ల వాపు రావచ్చు.

"విరేచనాలకి నీళ్లు పట్టించకు, ఇంకా ఎక్కువవుతాయి." విరేచనంతో నీళ్లే కాదు, బైకార్బనేటూ పోతుంది. 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో 2.9 గ్రాముల సిట్రేట్ వేసేది ఆ లోటు పూడ్చడానికే. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో ఉజ్జాయింపుగా కాదు.

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది ప్రేమగా చెప్పేదే: "జ్వరమొచ్చి ముద్ద ముట్టట్లేదు, ఇవాళ్టికి ఇన్సులిన్ ఆపెయ్ నాయనా." జ్వరంలో ఇన్సులిన్ అవసరం తగ్గదు, సాధారణంగా పెరుగుతుంది. అది లేకపోతే రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా కణాలకు అందదు. శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, నోట్లోంచి నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం లాంటి వాసన. ఆ తర్వాత పరిగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా ఊపిరి. ఉబ్బసమని ఫ్యాను కింద పడుకోబెట్టి తెల్లారేదాకా చూస్తారు. నిజానికి కార్బన్ డయాక్సైడును తోసేసి రక్తంలో ఆమ్లాన్ని తగ్గించడానికి ఊపిరితిత్తులు పడుతున్న పాట్లు అవి. 1922 జనవరిలో టొరంటోలో షుగర్ జబ్బున్న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చాక మూత్రంలో కీటోన్లు తగ్గాయి. అంతకుముందు ఈ స్థితికి చేరిన పిల్లలు దాదాపుగా బతికేవారు కాదు.

తిండి సహించని రోజున డోసు ఎంతో డాక్టర్ని ఫోన్‌లో అడగండి, మీరుగా ఆపకండి. మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూడండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి అలా మారినా 108కి ఫోన్ చెయ్యండి. బందరు ఆసుపత్రికి బయల్దేరేముందే అంబులెన్స్ వాళ్లకు మొదటి మాటగా చెప్పండి: ఇన్సులిన్ ఎప్పుడు మానేశారో.